చదివినదాన్ని ఆరా తీయడం డిగ్రీ పిల్లలకూ పెద్దలకూ ఎలా నేర్పాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

సభ్యులందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఒక డిగ్రీ కళాశాలలో గ్రంథపాలకురాలిని. ఈ ఏడాది రెండో సంవత్సరం విద్యార్థులకు ముప్పై గంటల కోర్సు ఒకటి, ఆదివారాల్లో ఊరి పెద్దవాళ్ళకు రెండు గంటల తరగతి ఒకటి నాకు అప్పగించారు. పుస్తకంలో, పత్రికలో, ఫోనులో కనబడే సమాచారాన్ని ఎలా వెతకాలి, ఎలా తూచాలి, ఎలా వాడుకోవాలి అన్నది విషయం. నిరుడు ఇదే పని చేసి దెబ్బతిన్నాను కనుక మళ్ళీ మొదలుపెట్టే ముందు మీ సలహా అడుగుతున్నాను.

నిరుడు నేను పన్నెండు ప్రశ్నల పట్టిక ఒకటి అచ్చు వేయించి పంచాను. రచయిత పేరు ఉందా, తేదీ ఉందా, చిరునామా ఉందా, అక్షరదోషాలు ఉన్నాయా, ఇలాంటివి. పరీక్షగా ఉపకార వేతనాల సైటు ఒకటి చూపించాను. అది దొంగదని నాకు ముందే తెలుసు, ఎందుకంటే మా పిల్లలే ఇద్దరు దరఖాస్తు రుసుము పేరిట చెరి 350 రూపాయలు దానికి కట్టి పోగొట్టుకున్నారు. తరగతిలో నలభై ఇద్దరు ఉంటే ముప్పై నలుగురు ఆ సైటుకు పన్నెండుకు పదో పదకొండో మార్కులు వేశారు. వేయరా మరి! మూడు సింహాల ముద్ర ఉంది, ఢిల్లీ చిరునామా ఉంది, నిన్నటి తేదీ ఉంది, "మా గురించి" అన్న పేజీలో కోట్లు తొడుక్కున్న పెద్దమనుషుల ఫొటోలు ఉన్నాయి, ఒక్క అక్షరదోషం లేదు. నా పట్టిక పిల్లల కంటే దొంగకే ఎక్కువ పనికొచ్చింది.

పెన్న తిన్నెలు (అనంతపురం)

హంద్రీ ఒడ్డు గారూ, తప్పు పిల్లలది కాదు, ఆ పట్టికది. పేజీలో ఏముండాలన్నది పేజీ పెట్టినవాడి చేతిలోని పని. వాడు తన గురించి రాసుకున్నదాన్ని ఎంత శ్రద్ధగా చదివినా మనకు దక్కేది వాడి మాటే. సంబంధం చూడటానికి వెళ్ళినవాళ్ళు పెళ్ళికొడుకు ఇంట్లో కాఫీ తాగి, వాళ్ళు చెప్పింది విని నేరుగా బస్సెక్కుతారా? వీధి చివర అంగడిలో ఒక మాట అడిగే వస్తారు. మనం నేర్పవలసింది ఆ అంగడి దగ్గర ఆగడం.

దీని మీద జరిగిన ఒక పరిశోధన చెబుతాను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనేవారు పదిమంది చరిత్రకారులను, వార్తల నిజానిజాలు సరిచూడటమే వృత్తిగా ఉన్న పదిమందిని, 25 మంది విద్యార్థులను కూర్చోబెట్టి, కొన్ని సైట్లు చూపించి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పమన్నారు. 2017లో వెలువడిన ఫలితం ఏమిటంటే, చరిత్రకారులూ విద్యార్థులూ ఎక్కువమంది ఆ పేజీలోనే పైనుంచి కిందికి చదువుతూ ఉండిపోయి, ముద్రకూ పేరుకూ లొంగిపోయారు. సరిచూసే వృత్తివాళ్ళు మాత్రం పేజీని సగం కూడా చదవకుండానే పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఆ సంస్థ గురించి బయటివాళ్ళు ఏమంటున్నారో చూసి, తక్కువ సమయంలోనే సరైన నిర్ణయానికి వచ్చారు. నేను చరిత్ర చెప్పేవాడిని కనుక ఇది చదివినప్పుడు కొంచెం గుచ్చుకుంది. ఈ పద్ధతినే మైక్ కాల్‌ఫీల్డ్ అనే అధ్యాపకుడు నాలుగు అడుగులుగా కుదించాడు: ఆగడం, చెప్పినవాడెవడో కనుక్కోవడం, అదే సంగతిని మంచిపేరున్న మరొకరు చెప్పారేమో వెతకడం, మాట మొదట పుట్టిన చోటికి వెళ్ళడం.

అయితే నా అనుభవంలో దొంగ సైటుతో పాఠం మొదలుపెట్టకూడదు. అది దొంగదని తేలగానే "మేమైతే మోసపోయేవాళ్ళం కాదు" అనుకుని పిల్లలు పుస్తకం మూసేస్తారు. వాళ్ళు నమ్మేదాన్ని, మీరూ నేనూ నమ్మేదాన్ని ముందు పెట్టాలి. నేను బోర్డు మీద రాసేది ఈ వాక్యం: "దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురం." ఇది తప్పని చేయెత్తినవాడు నా తరగతిలో ఇంతవరకు ఒక్కడూ లేడు. ఉపన్యాసాల్లో విన్నాం, పోటీపరీక్షల గైడ్లలో చదివాం, నేను కూడా పదేళ్ళు అదే చెప్పాను. అప్పుడు పిల్లలను రెండు అంకెలు వెతకమంటాను. ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం సుమారు 552 మిల్లీమీటర్లు. రాజస్థాన్‌లోని బార్మేర్, బికనీర్ జిల్లాల్లో అది 300 లోపే. జోధ్‌పూర్‌లో 400 లోపే. లేహ్ సంగతి చెప్పనే అక్కరలేదు, అక్కడ వంద మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప. ఇరవై నిమిషాల్లో వాక్యం కూలిపోతుంది. ఆ తర్వాత గదిలో అలముకునే నిశ్శబ్దం కోసమే నేను ఈ పాఠం చెబుతాను.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. "అయితే కరువు కూడా అబద్ధమేనా సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. కాదు. రాష్ట్రంలో అతి తక్కువ వాన పడేది మనకే అన్నది నిజం. పడమటి కనుమల చాటున ఉండటం వల్ల నైరుతి రుతుపవనాలు మన దాకా వచ్చేసరికి సన్నగిల్లుతాయి, తూర్పు తీరానికి దూరం కావడం వల్ల ఈశాన్య రుతుపవనాలు కూడా సరిగా అందవు. కరువుకు ఆ వాక్యం దన్ను అక్కరలేదు. ఒక నిజాన్ని గట్టిగా చెప్పాలన్న ఆరాటంలో ఎవరో ఎప్పుడో దానికి ఒక తప్పు అంకెను జోడించారని మాత్రమే పిల్లలకు తెలియాలి.

కడప బండ (కడప)

పై పాఠాన్ని రేపే దొంగిలిస్తున్నాను, పెన్న తిన్నెలు గారు క్షమించాలి.

నేను తెలుగు అధ్యాపకుడిని. మనవాళ్ళు ఈ విషయానికి "సమాచార అక్షరాస్యత", "మాధ్యమ సాక్షరత" అని బరువైన పేర్లు పెట్టేసరికి, ఇదేదో కంప్యూటర్లతో పాటు ఓడెక్కి వచ్చిన విద్య అని పిల్లలు అనుకుంటున్నారు. మా ఊళ్ళో రెండు వందల ఏళ్ళ కిందటే జరిగిన పని ఇది. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చి, ఒక బంగళా కొని, పండితులను జీతానికి పెట్టుకుని, ఒకే కావ్యానికి వేర్వేరు ఊళ్ళ నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించి పక్కపక్కన పెట్టి చదివించాడు. ఒక ప్రతిలో ఉన్న పాదం ఇంకో ప్రతిలో వేరుగా ఉంటే ఏది లేఖకుడి పొరపాటు, ఏది తర్వాతివాళ్ళు చేర్చినది అని తేల్చుకున్నాకే అచ్చుకు పంపేవాడు. 1829లో ఆయన వెలువరించిన వేమన పద్యాలు అలా తయారైనవే. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. నేను పిల్లలను అక్కడికి తీసుకుపోయి, ఒకే వాట్సాప్ సందేశం నాలుగు గుంపుల్లో నాలుగు రకాలుగా తిరిగినదాన్ని నాలుగు కాగితాల మీద ముద్రించి ఇచ్చి, ఎక్కడ ఏ మాట చేరిందో ఎర్ర సిరాతో గుర్తించమంటాను. మొదటి ప్రతిలో "కొందరు అంటున్నారు" అని ఉన్నది నాలుగో దానికి వచ్చేసరికి "శాస్త్రవేత్తలు నిర్ధారించారు" అవుతుంది. పాఠభేదాలు చెప్పడానికి అంతకు మించిన ఉదాహరణ నాకు ఏ కావ్యంలోనూ దొరకలేదు.

బుడ్డల సేద్యం (కళ్యాణదుర్గం)

అయ్యవార్లు ముగ్గురూ చెప్పినవి బాగున్నాయి గానీ, పెద్దవాళ్ళ తరగతి సంగతి ఎవరూ ఎత్తుకోలేదు. వాళ్ళకు తెలివి లేదని నేను ఒప్పుకోను. మా మేనమామ సంగతి చెబుతాను.

ఆయన విత్తనం బుడ్డలు, అదే వేరుశనగ కాయలు, కొనేటప్పుడు చూడాలి. సంచి మూతి దగ్గరి కాయలు ముట్టడు, చెయ్యి మోచేతి దాకా దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీస్తాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి, గింజ గలగలమంటే ఎండిందంటాడు. పది కాయలు ఒలిచి పొట్టు లోపలి పక్క నల్లబడిందా అని చూస్తాడు, తెల్లగా ఉంటే లేత కాయ అని పక్కకు నెడతాడు. అమ్మేవాడు ఎన్ని ప్రమాణాలు చేసినా ఈ తంతు మానడు. అలాంటి మనిషి, పోయిన ఏడాది ఊరి గుంపులో "పీఎం కిసాన్ కొత్త జాబితా" అని వచ్చిన ఏపీకే ఫైలును (ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు) నొక్కి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చి, తెల్లవారేసరికి 38 వేలు పోగొట్టుకున్నాడు. ఎందుకు నొక్కావు మామా అంటే ఆయన చెప్పింది ఒకటే: "పంపింది మన పెదనాన్న కొడుకు కదరా." ఆ పెదనాన్న కొడుకు ఫోను అప్పటికే దొంగల చేతిలో ఉంది, ఆ సందేశం దానంతటదే అందరికీ పోతూ ఉంది. పంపినవాడు నమ్మకస్తుడైతే చాలనుకున్నాడే గానీ, మొదట పుట్టించినవాడు ఎవడని అడగలేదు.

ఇంకో మాట. ఆయన రెండు రోజులు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, కోడళ్ళ ముందు చులకన అవుతానని. అదే రోజు సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేసి ఉంటే కొంతైనా బ్యాంకులో ఆగేదేమో. మేడం, మీ ఆదివారం తరగతిలో ముందు సిగ్గు సంగతి మాట్లాడండి, తర్వాత సైట్ల సంగతి.

కుందూ గట్టు (ప్రొద్దుటూరు)

బుడ్డల సేద్యం గారి మాటలు ముప్పై నాలుగేళ్ళు బ్యాంకు కౌంటరు వెనుక కూర్చున్న నాకు బాగా తెలిసినవే. అయితే పెన్న తిన్నెలు గారితో నాకు కొంత భేదం ఉంది. పట్టికలు పనికిరావన్నది విద్యార్థుల విషయంలో నిజం కావచ్చు. అవతల పోలీసు టోపీ పెట్టుకున్నవాడు వీడియో కాల్‌లో గద్దిస్తున్నప్పుడు అరవై ఏళ్ళ మనిషి కొత్త ట్యాబు తెరిచి ఆరా తీయలేడు. భయం పట్టుకున్న నిమిషంలో ఆలోచన పనిచేయదు, అలవాటు పనిచేస్తుంది. అందుకే పెద్దలకు కొన్ని మాటలు ఎక్కాల్లా నోటికి రావాలంటాను. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కరలేదు, పోవడానికే కావాలి. "డిజిటల్ అరెస్ట్" అన్నది మన చట్టంలో ఎక్కడా లేదు, ప్రధానమంత్రి 2024 అక్టోబరులో తన రేడియో ప్రసంగంలోనే ఆ మాట చెప్పారు. ఏపీకే ఫైలు ఎవరు పంపినా తెరవకూడదు. తొందరపెడుతూ ఎవరికీ చెప్పవద్దనేవాడు దొంగే.

ఈ మధ్య మరో రెండు ఆనవాళ్ళు కూడా వచ్చాయి. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం బ్యాంకుల సైట్లన్నీ "బ్యాంక్ డాట్ ఇన్" అన్న తోకతో ఉండాలి, ఆ చిరునామా బ్యాంకులకు తప్ప ఇతరులకు ఇవ్వరు. వాణిజ్య సంక్షిప్త సందేశాలకు (ఎస్ఎంఎస్) పంపినవారి పేరు చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది: ప్రచారానికి పి, సేవకు ఎస్, లావాదేవీకి టి, ప్రభుత్వానికి జి. పదంకెల మామూలు నంబరు నుంచి "మీ ఖాతా ఆగిపోతుంది" అని వస్తే అది బ్యాంకు కాదని అక్కడికక్కడే తేలిపోతుంది.

నేను మా కాలనీలో దీన్ని నాటకంలా ఆడిస్తాను. మా మనవడు పక్కగదిలోంచి ఫోను చేసి సీబీఐ అధికారినని గద్దిస్తాడు, ఇవతల ఉన్నవారు మాట తెంచి ఫోను పెట్టేయాలి. ఆశ్చర్యమేమిటంటే, ఆటలో కూడా మొదటిసారి ఎవరూ పెట్టేయలేరు. "ఉండండి సార్, మా అబ్బాయిని అడిగి చెబుతాను" అని మర్యాదగా మాట్లాడుతూనే ఉంటారు. ఎదుటివాడు మాట్లాడుతుండగా ఫోను పెట్టేయడం తప్పని పెరిగిన తరం మాది. మూడోసారికి గానీ చెయ్యి రాదు.

తడకలేరు (అనంతపురం)

నేను పీజీ విద్యార్థిని. పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. మా తరం వాట్సాప్‌ను నమ్మి మోసపోవడం తక్కువ. మేము పడే గుంత వేరు, దాన్ని చెప్పుకోవడానికి నాకూ సిగ్గుగానే ఉంది.

పోయిన సెమిస్టరులో ప్రాజెక్టు నివేదికకు ఆధార గ్రంథాల పట్టిక కావలసి వచ్చి కృత్రిమ మేధను అడిగాను. పద్నాలుగు ఇచ్చింది. రచయిత పేరు, పత్రిక పేరు, సంపుటం, పుటల సంఖ్యలు అన్నీ ముత్యాల్లా ఉన్నాయి. మా గైడు గారు వాటిలో ఒకదాన్ని చదవాలని వెతికితే దొరకలేదు. కూర్చుని చూస్తే పద్నాలుగింటిలో ఐదు అసలు లోకంలోనే లేవు. ఒకదానిలోనైతే పత్రిక నిజం, సంపుటం నిజం, ఆ పుటల్లో ఉన్నది మాత్రం ఇంకెవరిదో వ్యాసం. ఆ యంత్రం అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో ఊహించి పేర్చడమే దాని పని కనుక, ఉన్నదీ లేనిదీ దానికి ఒకటే. ఇప్పుడు నేను చదవనిదాన్ని పట్టికలో చేర్చను, శీర్షికను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతుకుతాను, సిద్ధాంత గ్రంథమైతే, మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో చూస్తాను.

ఒక ఫిర్యాదు కూడా ఉంది. 2025 జనవరి నుంచి "ఒకే దేశం ఒకే చందా" పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 పరిశోధన పత్రికలు తెరిచి ఇచ్చారు. మా తరగతిలో ఇరవై తొమ్మిది మందిమి ఉంటే ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. మాకు తప్పుడు సమాచారాన్ని ఎలా వదలాలో చెప్పేవారు ఉన్నారు గానీ, మంచి సమాచారం ఏ తలుపు వెనుక ఉందో చూపించేవారు లేరు. మంచి బావి ఎక్కడుందో తెలియనివాడు ఎదురుగా కనబడిన గుంతలోనే చెంబు ముంచుతాడు కదా.

పెన్న తిన్నెలు (అనంతపురం)

కుందూ గట్టు గారి భేదాన్ని ఒప్పుకుంటున్నాను. బెదిరింపు ఎదురైనప్పుడు కావలసింది ఎక్కమే. తడకలేరు గారి ఫిర్యాదు అంతకంటే ముఖ్యమైనది, దానికి జవాబు చెప్పవలసింది మా అధ్యాపకులమే.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

ఇన్ని మాటలు వస్తాయని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. వానల పాఠం నిన్ననే చెప్పి చూశాను. పెన్న తిన్నెలు గారు చెప్పిన నిశ్శబ్దం మా గదిలో కూడా వచ్చింది. కానీ ఆ తర్వాత వెనుక బెంచీ అబ్బాయి ఒకడు "అయితే మేడం, దేన్నీ నమ్మకూడదన్నమాట" అని తేల్చేశాడు, సగం తరగతి తల ఊపింది. అన్నీ నమ్మే పిల్లవాడి కంటే ఏదీ నమ్మని పిల్లవాడు నాకు ఎక్కువ భయం కలిగిస్తాడు. టీకా గురించి వైద్యుడు చెప్పినదీ, పొరుగింటాయన చెప్పినదీ వాడికి ఒకటే అయిపోతాయి. దీనికి మందేమిటి?

పెన్న తిన్నెలు (అనంతపురం)

కూల్చే పాఠం వెంట నిలబెట్టే పాఠం కూడా అదే రోజున చెప్పాలి, మరునాటికి వదలకూడదు. నేను రెండో వాక్యంగా "ఆంధ్రప్రదేశ్‌లో విస్తీర్ణంలో అతి పెద్ద జిల్లా అనంతపురం" అని రాస్తాను. ఒక దెబ్బ తిన్న ఊపులో పిల్లలు ఇది కూడా అబద్ధమే అంటారు. ఆరా తీస్తే, 19,130 చదరపు కిలోమీటర్లతో అది చాలాకాలం నిజమేననీ, 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించి శ్రీ సత్యసాయి జిల్లాను వేరు చేసినప్పటి నుంచి నిజం కాకుండా పోయిందనీ తేలుతుంది. పాత పుస్తకం అబద్ధం చెప్పలేదు, దాని తేదీ వేరు, అంతే. తెలుగు వికీపీడియాలో ఆ జిల్లా పేజీ చరిత్రను తెరిచి, ఏ అంకెను ఎవరు ఎప్పుడు మార్చారో చూపిస్తే, జ్ఞానం అన్నది కొందరు కూర్చుని సరిదిద్దుకుంటూ పోయే పని అని పిల్లలు కళ్ళతో చూస్తారు. ఒక మాట తప్పని తేలడానికి ఇంకో మాటను నమ్మవలసి వచ్చిందని కూడా మీ అబ్బాయికి గుర్తుచేయండి. బార్మేర్ వాన లెక్కను వాడు నమ్మాడు కదా, ఎందుకు నమ్మాడో వాడి చేతనే చెప్పించండి. రోజూ అక్కడ వానమాపకం చూసి రాసుకునే మనిషి ఉన్నాడు, ఆ లెక్కను అడిగితే చూపించే కార్యాలయం ఉంది. నమ్మకానికి పునాది అక్కడ దొరుకుతుంది.

కడప బండ (కడప)

హంద్రీ ఒడ్డు గారూ, మీ ఊరివాడినే మీకు గుర్తుచేస్తున్నానని నవ్వుకోకండి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో కర్నూలులో పుట్టి, 1908లో పత్రికలో రాసిన రాతకు రాజద్రోహం నేరం మీద జైలుకు వెళ్ళి, బయటికొచ్చాక గ్రంథాలయోద్యమాన్నీ వయోజన విద్యనూ జంటగా భుజానికెత్తుకున్నారు. ఆ జంట నాకు నచ్చుతుంది. మీ ఆదివారం తరగతిని కంప్యూటరు గదిలో కాక పఠన మందిరంలో పెట్టి చూడండి. కంప్యూటరు గదిలో పెద్దలకు చేతులు వణుకుతాయి, పత్రికల బల్ల దగ్గర వణకవు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. తరగతిని పఠన మందిరానికి మార్చాను. మొదటి ఆదివారం పదకొండు మంది వచ్చారు. పుస్తకం తెరవకముందే నేను ఫోనులో మోసపోయి 1,200 రూపాయలు పోగొట్టుకున్న సంగతి చెప్పాను. అది నిజంగా జరిగిందే, ఇంట్లో ఇంకా తెలియదు. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పాతబస్తీలో గాజుల అంగడి నడిపే ఆవిడ "నాది నాలుగు వేలు" అంది. ఆ తర్వాత ఏడుగురు చెప్పారు.

రెండో ఆదివారం ఆవిడే ఒక ఫొటో తెచ్చింది. కొండారెడ్డి బురుజు దగ్గర నిన్న జరిగిన గొడవ అని గుంపులో వచ్చిందట. అందరం కలిసి దాన్ని, ఫొటో ఎక్కడిదో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో పెట్టకముందే, పూలు అమ్మే ఒకాయన కళ్ళజోడు సవరించుకుని ఫొటోలోని అంగడి బోర్డు చూసి, "అది తమిళం కదమ్మా" అన్నాడు. లెన్స్ కంటే ముందు ఆయన కన్ను పట్టేసింది. సంచి అడుగు నుంచి కాయ తీయడమంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. బుడ్డల సేద్యం గారు మీ మేనమామకు నా నమస్కారం చెప్పాలి.

కుందూ గట్టు గారి నాటకం వచ్చే వారం. అప్పటిలోపు నాకు ఒక సాయం కావాలి. వెనుక బెంచీ అబ్బాయి రోజూ గ్రంథాలయానికి వచ్చి ఒకటే ప్రశ్న వేస్తున్నాడు: జైసల్మేర్ తర్వాత మనం కాకపోతే, అసలు దేశంలో మనం ఎన్నో స్థానంలో ఉన్నాం? దేశంలోని అన్ని జిల్లాల సాధారణ వర్షపాతం ఒకేచోట ఉన్న వాతావరణ శాఖ పట్టిక, 2022కు ముందుదీ తర్వాతదీ, ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి. వరుస వాడినే పేర్చమంటాను.